చాక్‌పీసుల డబ్బాలో చీటీలు

మాది 2004-05 పదో తరగతి బ్యాచ్. అంతకుముందే బస్టాండు దగ్గర ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అని పెద్ద హోర్డింగ్ వెలిసింది. పులిరాజా ఎవరని ఇంట్లో అడిగితే ‘పోయి చదువుకో’ అనేవారు.

పదో తరగతికి వచ్చేసరికి అసురక్షిత లైంగిక సంబంధం, పరీక్షించని రక్తం, ఒకరు వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకు అంటూ నాలుగు మార్గాలూ ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్లం. డిసెంబరు 1న ప్రపంచ ఎయిడ్స్ దినం ర్యాలీలో ‘కలిసి తింటే రాదు’ అని అరిచాం. ఆ సాయంత్రమే, ఎయిడ్స్‌తో పోయాడని చెప్పుకునే ఒకాయన ఇంటి ముందు నడవాల్సి వస్తుందని వెనక వీధి గుండా చుట్టు తిరిగి వెళ్లాం. రాదని తెలుసు. ఎందుకు రాదో తెలియదు. అందుకే భయం పోలేదు.

మరుసటి వారం బయాలజీ మాస్టారు ఖాళీ చాక్‌పీసుల డబ్బా బల్ల మీద పెట్టి, పేరు రాయకుండా చీటీలు వేయమన్నారు. ఎక్కువ చీటీల్లో ఒకటే ప్రశ్న: దోమ కూడా సూది లాంటిదే కదా, దాంతో రాదా?

“కుట్టినప్పుడు దోమ మనలోకి వదిలేది తన లాలాజలం, అంతకుముందు తాగిన రక్తం కాదు. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరిగి ఆ లాలాజలంలోకి చేరుతుంది. ఎయిడ్స్ తెచ్చే హెచ్‌ఐవీ వైరస్ అక్కడ పెరగలేదు, రక్తంతో పాటే అరిగిపోతుంది. దోమతో వచ్చేదైతే మలేరియాలాగా చంటిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా ఇంటిల్లిపాదికీ వచ్చేది కాదట్రా?” అన్నారు. “భయమేసినప్పుడల్లా ఒక్కటే అడగండి. అది ఏ దారిన లోపలికి పోతుంది?”

వైరస్ ఉండటం వేరు, ఎయిడ్స్ దశ వేరని, మొదటిది చాలా ఏళ్లు పైకి కనబడకపోవచ్చని కూడా ఆ రోజే తెలిసింది.

చివరి చీటీలో ‘ఇది వచ్చినవాళ్లు పిల్లలు పెద్దయ్యేదాకా బతుకుతారా?’ అని ఉంది. మాస్టారు చీటీ తిప్పినప్పుడు మొదటి బెంచీలో ఉన్న నాకు ఆ పొడుగాటి ‘ళ’ కనిపించింది. అది నా పక్కవాడి రాత. పేరు రాయను.

మాస్టారు ఎవరి వైపూ చూడలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ప్రభుత్వం ఉచితంగా హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టిందని, వైరస్ పూర్తిగా పోకపోయినా రోజూ తప్పకుండా వాడితే అణిగి ఉంటుందని, ఒంట్లో శక్తి తిరిగి వస్తుందని నెమ్మదిగా చెప్పారు. “బతుకుతారు నాన్నా,” అన్నారు. క్రమం తప్పకుండా మందులు వాడి, పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి అలాగే ఉన్నవారి నుంచి లైంగికంగా అది ఇతరులకు సోకదని ఇప్పుడు వైద్యులే చెబుతున్నారు. ఆ మాట అప్పుడు వాడి చెవిన పడి ఉంటే ఎంత బాగుండేది!

మధ్యాహ్నం చెట్టు కింద క్యారియర్లు విప్పాం. వాడు ఎప్పటిలాగే గోంగూర పచ్చడి నా వైపు జరిపాడు. నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఏ దారిన పోతుంది అని నన్ను నేనే అడిగాను. దారేదీ కనబడలేదు. వేలితో తీసుకుని అన్నంలో కలుపుకున్నాను. వాడు నా చేతినే చూస్తున్నాడు.

“కారం ఎక్కువైందా?” అన్నాడు.

“లేదురా, ఇంకొంచెం వెయ్యి,” అన్నాను.