మాత్ ఆర్కిడ్ కుండీలో ఏం నింపాలి?

మాత్ ఆర్కిడ్ ఆకులు వడలి వేలాడుతుంటే చాలామంది ముందు చేసే పని నీళ్ళు పోయడం. అదే మొక్కను కుండీలోంచి పైకి తీసి చూడండి. చాలాసార్లు వేర్లు గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. వేళ్ళతో నొక్కితే పైతొక్క మెత్తగా ఊడొచ్చి లోపలి సన్నని దారం ఒక్కటే చేతిలో మిగులుతుంది. తాగే వేరే లేనప్పుడు ఎన్ని నీళ్ళు పోస్తే మాత్రం ఆకుకు ఏం చేరుతుంది? ఈ వేర్లు కుళ్ళడానికి నీళ్ళు పోసిన చెయ్యి కంటే కుండీలో నింపిన సరుకే ఎక్కువ కారణం.

మాత్ ఆర్కిడ్‌కి శాస్త్రీయంగా ఫాలనాప్సిస్ అని పేరు. 1825లో బ్లూమ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు పెట్టాడు. గ్రీకులో చిమ్మట లాంటిది అని అర్థం. అడవిలో ఇది ఎక్కువగా చెట్ల కొమ్మలను పట్టుకుని పెరుగుతుంది. అందుకే దీని వేరు మామూలు మొక్కల వేరులా ఉండదు. చుట్టూ స్పాంజిలాంటి మందపాటి పొర ఉంటుంది, దాన్ని వెలమెన్ అంటారు. పొడిగా ఉన్నప్పుడు ఆ పొర నిండా గాలే కాబట్టి వేరు వెండిరంగులో మెరుస్తుంది. దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు వేసి చూస్తూ ఉండండి. కాసేపట్లోనే తడి పాకిన మేర ఆకుపచ్చగా మారుతుంది. పొర నీటితో నిండి లోపలి పచ్చదనం బయటికి కనిపించడమే అది. వాన పడితే నానడం, వాన వెలిశాక గాలికి ఆరడం, ఆ వేరుకు తెలిసిన బతుకు ఇదే. రోజుల తరబడి తడిలోనే ఉంటే లోపలి జీవకణాలకు ఆక్సిజన్ అందదు. ముందు అవి చస్తాయి, తర్వాత బూజూ బాక్టీరియా వచ్చి మిగతా పని పూర్తి చేస్తాయి.

కాబట్టి కుండీలో మట్టికి బదులు నింపే మిశ్రమం, అంటే మిక్స్, ఏదైనా తేమను కొద్దిగా పట్టి ఉంచాలి, గాలికి బోలెడంత చోటు వదలాలి. ఆ చోటు ఎంతన్నది ముక్కల జాతి కంటే ముక్కల సైజు మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఇది అర్థం కావడానికి గిన్నెలు తోమే స్పాంజి ఒకటి చాలు. బాగా నానబెట్టి, అడ్డంగా పట్టుకుని, చుక్కలు కారడం ఆగేదాకా ఆగండి. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి. మళ్ళీ నీళ్ళు కారతాయి. అది కూడా ఆగాక అడుగుభాగం నొక్కితే ఇంకా తడే. కుండీలోనూ అంతే, నీళ్ళన్నీ కారిపోయాక కూడా అడుగున ఒక తడిపొర నిలిచిపోతుంది. ముక్కల మధ్య సందులు ఎంత సన్నగా ఉంటే ఆ పొర అంత ఎత్తుకు ఉంటుంది. అడుగున గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు బాగా దిగుతాయనే మాట ఎంత ప్రచారంలో ఉన్నా తప్పే. తడిపొర ఎక్కడికీ పోదు, రాళ్ళ మీదికి, అంటే వేర్లకు ఇంకా దగ్గరికి జరుగుతుంది. మట్టి, కంపోస్ట్, కోకోపీట్ ఈ మొక్కకు పనికిరాకపోవడానికి కారణం కూడా ఈ సన్నని సందులే.

ఎక్కువమందికి సరిపోయేది చెట్టు బెరడు, నర్సరీల్లో బార్క్ అంటారు. ఫిర్, పైన్ చెట్లది వాడతారు. రేడియాటా పైన్ బెరడు గట్టిది, నిదానంగా చివుకుతుంది. ఎదిగిన మొక్కకు, 12 సెంటీమీటర్లు లేదా ఆపై కుండీకి 12 నుంచి 18 మిల్లీమీటర్ల ముక్కలు తీసుకోండి. 9, 10 సెంటీమీటర్ల కుండీకి 6 నుంచి 12, చిన్న పిల్లమొక్కలకు 3 నుంచి 6. సంచి విప్పగానే కుండీలో పోయకండి. అడుగున చేరిన పొడే సందులన్నీ పూడ్చేస్తుంది. జల్లెడ పట్టి ఆ పొడి పారేయండి. తర్వాత ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టండి. ఎండిన బెరడు నీటిని తోసేస్తుంది, ముక్కలన్నీ పైన తేలుతూనే ఉంటాయి. నానబెట్టకుండా నాటితే పోసిన నీళ్ళు పక్కల నుంచి జారిపోతాయి, మొదటి కొన్ని వారాలు మొక్కకు దాహమే. గోరువెచ్చని నీళ్ళయితే త్వరగా నానుతుంది.

స్ఫాగ్నమ్ మాస్ అంటే ఎండబెట్టిన ఒక రకం నాచు, దాని సంగతి వేరు. ఎండుగా ఉన్నప్పటి తన బరువుకు 15, 20 రెట్ల నీటిని పట్టుకోగలదు. పొడుగాటి పోగులున్నదే కొనండి. దాని నుంచే వచ్చిందని, చివికి పొడైన పీట్ మాస్ తెచ్చి పోస్తే మళ్ళీ సన్నపొడి సమస్యే. మాస్‌తో చెడేది ఎక్కువగా కూరడం వల్ల. నానబెట్టి, గట్టిగా పిండి, విదిలించి, వేర్ల చుట్టూ వదులుగా సర్దండి. వేలితో నొక్కి తీస్తే మళ్ళీ పైకి లేవాలి. లేవకపోతే ఎక్కువ దట్టించారన్నమాట. పెద్ద గ్రీన్‌హౌసుల్లో గట్టిగా నింపి పెంచేవాళ్ళు ఉన్నారు. అక్కడ వేడి, గాలి, నీళ్ళు అన్నీ లెక్క ప్రకారం నడుస్తాయి కాబట్టి చెల్లుతుంది, కిటికీ పక్కన ఉన్న కుండీకి చెల్లదు. ఇంకో మాట: స్ఫాగ్నమ్‌లో స్పోరోథ్రిక్స్ అనే ఫంగస్ ఉండొచ్చు, అది గీతలు, గాయాల గుండా చర్మంలోకి దిగుతుంది. చేతికి గ్లవ్స్ వేసుకోండి.

కొబ్బరి డొక్క ముక్కలు బెరడు కంటే ఎక్కువ తేమ పడతాయి, నిదానంగా చివుకుతాయి. కానీ వాటిలో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. 24 గంటలకోసారి నీళ్ళు మారుస్తూ కనీసం మూడుసార్లు నానబెట్టాలి. చివరిసారి కొద్దిగా కాల్షియం నైట్రేట్ కలిపితే కాల్షియం వెళ్ళి ఆ లవణాలను వదిలిస్తుంది. ఈ పని చేసే ఓపిక లేకపోతే డొక్కల జోలికి పోకండి, వేరు కొనలు నల్లబడతాయి. కర్రబొగ్గు, ముతక పెర్లైట్ (వేడికి ఉబ్బిన తేలికైన తెల్లని రాతి గుళ్ళు) రెండూ సందులు పూడకుండా కాపాడతాయి. బొగ్గు వంటకాలు కాల్చుకోవడానికి అచ్చుపోసి అమ్మే రకం కాకూడదు, అందులో బంకలు, ఇతర పదార్థాలు కలుస్తాయి. పెర్లైట్ కలిపేముందు తడపండి, ఆ దుమ్ము పీల్చకూడదు.

పాళ్ళకు కొలత ఏ గ్లాసైనా పర్లేదు. గాలిలో తేమ బాగా ఉండి, మీకు తరచూ నీళ్ళు పోసే అలవాటుంటే బెరడు 5, బొగ్గు 1, పెర్లైట్ 1. ఏసీ, హీటర్ నడిచే పొడి గదిలో ఉంటే, లేదా వారానికోసారి మించి నీళ్ళు పోయలేకపోతే బెరడు 3, తుంచిన మాస్ 1, పెర్లైట్ 1. మాస్‌ను అంతటా సమంగా కలపండి, ఒక్కచోట ముద్దలా పడితే అక్కడే కుళ్ళు మొదలవుతుంది. మాస్ ఒక్కదానిలోనే పెంచాలనుకుంటే కుండీ చిన్నదీ, రంగు వేయని మట్టిదీ అయితే మేలు, పక్కల నుంచి కూడా ఆరుతుంది. బెరడుకు మాత్రం పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీయే మంచిది, వేరు రంగు బయటినుంచే చూడొచ్చు.

ఈ పాళ్ళు మొదలుపెట్టడానికే. అసలు పరీక్ష కుండీ ఎన్ని రోజుల్లో ఆరుతుందన్నది. నీళ్ళు పోసి, పూర్తిగా కారాక కుండీని తూకం వేసి రాసుకోండి. రోజూ అదే వేళకు తూయండి. 5 నుంచి 8 రోజుల్లో దాదాపు పొడి బరువుకు వస్తే మీ ఇంటికి ఆ మిక్స్ కుదిరినట్టే. పది రోజులైనా నడిమధ్య గుచ్చిన వెదురుపుల్ల తడిగా వస్తే ముక్కలు పెద్దవి కావాలి లేదా కుండీ చిన్నది కావాలి. రెండో రోజుకే ఎండిపోతుంటే కొంచెం మాస్ పెంచండి.

కొత్త మిక్స్‌లోకి మార్చడానికి మంచి సమయం పూలు అయిపోయి, ఆకుపచ్చ కొనలతో కొత్త వేర్లు బయలుదేరినప్పుడు. కొన్న మొక్కకు వేర్ల నడుమ తరచూ గుప్పెడంత మాస్ ముద్ద ఒకటి ఉంటుంది, పిల్లమొక్కగా ఉన్నప్పటిది. పైన బెరడు ఎండినా అది తడిగానే ఉంటుంది. ఓపికగా పోగు పోగు లాగి తీసేయండి. కత్తెరను మంటలో కాల్చి చల్లార్చి, మెత్తబడ్డ వేర్లు కోసేయండి. గట్టిగా ఉన్నది గోధుమరంగైనా కోయకుండా వదిలేయండి. కోతల మీద దాల్చినచెక్క పొడి చల్లమంటారు, వేర్లకు వద్దు, మంచి వేరును కూడా ఎండబెట్టేస్తుంది. వేర్ల గుత్తి చుట్టూ ఒకటి, రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండే కుండీ చాలు. అట్టడుగు ఆకు మొదలు మిక్స్ పైమట్టానికి సమంగా రావాలి. కుండీని తడుతూ నింపండి, అదమకండి. మొక్క ఊగుతుంటే పుల్ల కట్టండి, ఊగితే కొత్త వేరు కొనలు ముక్కలకు రాసుకుని ఆగిపోతాయి. వేర్లు కోసి ఉంటే మూడు, నాలుగు రోజులు నీళ్ళు ఆపండి.

బెరడు దాదాపు రెండేళ్ళు, మాస్ ఏడాది, ఏడాదిన్నర నిలుస్తాయి. లెక్క మరిచిపోతే లోపలి నుంచి ఒక ముక్క తీసి గోళ్ళ మధ్య నొక్కండి. గట్టిగా ఉంటే ఇంకా పనికొస్తుంది. తడి అట్టలా నలిగిపోతే, పుల్లటి వాసన వస్తే, చిన్న నల్లదోమలు చుట్టూ ఎగురుతుంటే దాని పని అయిపోయింది. అలాంటప్పుడు పూలకాడ ఉందని ఆగకండి. కాడను అలాగే ఉంచి మిక్స్ మార్చేయండి. మొగ్గలు కొన్ని రాలొచ్చు, వేర్లు మిగులుతాయి.