తోటకి ఫ్లెయిల్ మోవర్ వచ్చేసింది

విశాఖ దగ్గర ఆనందపురంలో మా జీడితోటకి ఎట్టకేలకు ఫ్లెయిల్ మోవర్ (ట్రాక్టర్ వెనక తగిలించి గడ్డి, తుప్పలు కొట్టే మెషిన్) తీసుకున్నాం. ట్రాక్టర్ వెనక టైర్ల బయటి అంచుల మధ్య కొలిచి, అంతకంటే కాస్త వెడల్పుది ఎంచుకున్నాం. లేకపోతే టైరు తొక్కిన గడ్డి అలాగే మిగిలిపోతుంది.

బ్లేడ్ల దగ్గరే అసలు చర్చ. పచ్చగడ్డిని వై (Y) ఆకారం బ్లేడ్లు శుభ్రంగా కోస్తాయి, తుప్పలకి సుత్తి బ్లేడ్లు మేలు. మాకు తుప్పలే ఎక్కువ, నాన్నగారు సుత్తి బ్లేడ్లే అన్నారు. రాయి తగిలితే బ్లేడు బోల్టు మీద వెనక్కి మడుచుకుంటుంది, అది నాకు భలే నచ్చింది.

ట్రాక్టర్ ఇంజన్ శక్తిని మోవర్‌కి అందించే పీటీఓ షాఫ్ట్ మాత్రం కావాల్సినదానికంటే పొడవుగా ఉంది. మెకానిక్ మోవర్‌ని ఎత్తి దించే లిఫ్ట్ పైకీ కిందకీ ఆడించి కొలిచి, ఒకదాంట్లో ఒకటి జారే షాఫ్ట్ గొట్టాలు రెండూ సమానంగా కోసి, అంచులు ఆకురాయితో నున్నగా చేసి గ్రీజు పెట్టాడు. షాఫ్ట్ కవర్ తీసేస్తానని అతనంటే నేను ఒప్పుకోలేదు. తిరిగే షాఫ్ట్‌కి పంచె చుట్టుకుంటే ప్రాణాలకే ముప్పు.

కొనేవాళ్లు మెషిన్‌కి నిమిషానికి 540 చుట్ల పీటీఓ కావాలో, 1000 కావాలో ముందే అడగండి.