ముందు సరిచేయవలసింది తరగతి గదిని

చిన్నపిల్లలు వరుస కట్టే సమయంలో ప్రతిసారీ పక్కవాణ్ని తోసేసే పిల్లవాడు ఒకడు దాదాపు ప్రతి తరగతిలోనూ కనిపిస్తాడు. అల్లరివాడని తేలిగ్గా అనేస్తాం. వెనకనుంచి ఎవరి మోచెయ్యో తగలగానే వాడి భుజాలు బిగుసుకోవడం, ఆ తరువాతే చెయ్యి లేవడం దగ్గరనుంచి చూసినవారికి మాత్రం అది అల్లరిగా తోచదు. మనం పట్టించుకోని ఆ తాకిడి వాడికి భరించలేనిదై ఉండవచ్చు. వాణ్ని వరుస చివర నిలబెడితే వెనకనుంచి తగిలేవారు ఉండరు కనుక తోపులాట చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది.

అయితే ఇంకో పిల్లవాడు ఒంటికి అందే ఒత్తిడి, కదలిక చాలక తోస్తాడు. మన శరీరం ఏ భంగిమలో ఉందో, ఎంత బలం పెడుతున్నామో కండరాలు, కీళ్లు మెదడుకు తెలియజేస్తుంటాయి. కదలికను, సమతూకాన్ని లోపలి చెవి పసిగడుతుంది. ఈ సమాచారాన్ని మెదడు సమన్వయపరచే తీరుకూ చదువుకూ ఉన్న సంబంధాన్ని అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనుల్లో ఇబ్బందిపడేవారికి తోడ్పడే చికిత్సా నిపుణురాలు) ఎ. జీన్ ఎయిర్స్ 1960, 70 దశకాల్లో వివరించారు. ఆ సమాచారం చాలని పిల్లలకు పుస్తకాల కట్ట మోయడం, కుర్చీలు జరపడం, బోర్డు తుడవడం వంటి ఒంటికి శ్రమ కలిగించే పనులు అప్పగించి, ఆ తరువాత రాతపనికి కూర్చోబెడితే కొందరు కుదురుగా కూర్చోగలుగుతారు. పైకి ఒకేలా కనిపించే రెండు తోపులకూ మందు ఒకటి కాదు గనుక, తోయడానికి ముందు ఏం జరిగిందో గమనించడమే ఉపాధ్యాయులు చేయవలసిన మొదటి పని అని నా నమ్మకం.

తాకిడిలాగే చప్పుడు, కంటికి తగిలే రంగులు, వెలుగు కూడా కొందరు పిల్లలకు భరించలేనివి కావచ్చు. అందుకే గది విషయానికి వస్తే, నేను ముందుగా చూసేది శబ్దం. నున్నటి గోడలు, గట్టి నేల ఉన్న గదిలో ప్రతి మాటా ప్రతిధ్వనిస్తుంది; కుర్చీ కాళ్లకు మందపాటి గుడ్డ చుట్టినా గరగర శబ్దం చాలావరకు అణుగుతుంది. బోర్డు చుట్టూ అతికించిన రంగురంగుల చార్టుల్లో సగం తీసేయవచ్చు. మిణుకుమిణుకుమనే ట్యూబులైటును వెంటనే మార్పించాలి.

ఒక మూల చాప, రెండు దిండ్లు వేసి ప్రశాంతమైన చోటు ఏర్పాటు చేస్తే మంచిదే. కాని దానిని శిక్షగా వాడకూడదు, బుద్ధిగా ఉన్నందుకు బహుమానంగానూ మార్చకూడదు. ఎప్పుడు అవసరమైతే అప్పుడు అక్కడికి వెళ్లే స్వేచ్ఛ పిల్లవాడికి ఉండాలి. పిల్లలు కుదుటపడతారని తొడిగే బరువు చొక్కాల వంటి వస్తువుల వల్ల మేలు జరుగుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు కనుక వాటిని కొనడానికి నేను తొందరపడను.

జబ్బు పేరు పెట్టడం మన పని కాదు. ఇంద్రియ స్పందనల్లోని తేడాను మానసిక రుగ్మతలను గుర్తించడానికి వైద్యులు వాడే, 2013లో వెలువడిన డీఎస్ఎం-5 అనే గ్రంథం ఆటిజం లక్షణాల్లో ఒకటిగా చేర్చిందే తప్ప, దానిని విడిగా ఒక రుగ్మతగా గుర్తించలేదు. తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు "మీవాడికి ఫలానా సమస్య ఉంది" అనడం కంటే, "గంట మోగగానే చెవులు మూసుకుంటున్నాడు, ఇంట్లో కూడా ఇలాగే ఉంటాడా?" అని అడగడం మేలు. ఇబ్బంది కొనసాగుతూ ఉంటే వినికిడి, చూపు పరీక్ష చేయించి, ఆపైన ఆక్యుపేషనల్ థెరపిస్టును కలవమని సూచించాలి.