ఐసొలేషన్ గదిలో బాఖ్

దగ్గు మొదలైనప్పుడు ఇక్కడి జర్మనీ ఊరు లైప్‌జిగ్ చలి వల్లే అనుకున్నాను. తర్వాత రాత్రి చెమటలు మొదలయ్యాయి. తెల్లారేసరికి దిండు గలీబు పిండేలా తడిసి ఉండేది. చదువు టెన్షన్‌లో బరువు తగ్గడం కూడా పట్టించుకోలేదు. చివరికి కళ్లె పరీక్షలో తేలింది: టీబీ.

ఫోన్‌లో అమ్మ మొదట అడిగింది మందులు ఉన్నాయా అని. ఆ తర్వాత, "ఎవరికీ చెప్పకమ్మా, సంబంధాలు చూస్తున్నాం" అంది. నాకు కోపం రాలేదు. మా తెనాలిలో ఆ జబ్బు పేరెత్తితే గ్లాసు వేరు, కంచం వేరు అవుతాయని ఆమెకు బాగా తెలుసు.

క్రిములు ఊపిరి ద్వారా ఇంకొకరికి పాకే దశలో ఉన్నాయి కాబట్టి నన్ను ఆసుపత్రిలో విడిగా ఒక గదిలో పెట్టారు. కళ్లెలో క్రిములు కనపడకుండా పోయేదాకా బయటికి వీల్లేదు. రెండు తలుపులు, వాటి మధ్య చిన్న జాగా. లోపలికి ఎవరొచ్చినా మాస్కుతోనే, కళ్లు తప్ప ఏమీ కనపడవు. రోజూ నాలుగు రకాల మందులు: రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. మొదటిదాని వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది. ముందే చెప్పారు, అయినా చూసినప్పుడు గుండె జారింది. చివరిది కంటిచూపును దెబ్బతీయొచ్చని రంగుల చుక్కల పుస్తకం పట్టుకొచ్చి ఎరుపూ ఆకుపచ్చా గుర్తుపడుతున్నానో లేదో చూసేవాళ్లు. రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు రెండు మందులు. నాలాంటి మామూలు టీబీకి ప్రపంచంలో చాలాచోట్ల ఇదే కోర్సు.

ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "ధైర్యంగా ఉండు" అనేవాళ్లు. "ఈ రోజుల్లో టీబీ ఒక జబ్బా? ఆరు నెలల్లో తగ్గిపోతుంది" అని మామయ్య. అది నిజమే. కానీ వాళ్లందరి కోసం ధైర్యంగా ఉండీ ఉండీ నాకు ఏడుపు కూడా రాకుండా పోయింది. ఫోన్ పెట్టేశాక గోడవైపు తిరిగి పడుకునేదాన్ని, అంతే.

రాత్రి డ్యూటీకి వచ్చే నర్సు ఒకావిడ వాళ్ల చర్చి కోరస్‌లో పాడుతుంది. జర్మనీలో అది పెద్ద విశేషమేం కాదు, ప్రతి పేటలోనూ ఒక చర్చి బృందం ఉంటుంది. నిద్ర పట్టకపోతే ఏం వింటారని అడిగింది. పాత సినిమా పాటలన్నాను. మాత్రల చీటీ వెనక "బాఖ్, 25" అని రాసిచ్చి, "ఇది ఓదార్చే పాట కాదు, కోపం తెప్పించినా తెప్పిస్తుంది" అంది.

బాఖ్ అంటే పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ సంగీతకారుడు. అది ఆయన రచనల జాబితాలో 25వ నంబరు కాంటాటా, అంటే గొంతులూ వాయిద్యాలూ కలిపి చర్చిలో పాడే సంగీతం. బాఖ్ లైప్‌జిగ్‌లో ఉద్యోగంలో చేరిన ఏడాదే, 1723 ఆగస్టు 29న, ఇదే ఊళ్లో మొదటిసారి పాడించాడు. కుష్ఠురోగులు పదిమందిని యేసు బాగుచేసే కథ చదివే ఆదివారం అది. కోరస్ ఎత్తుకోవడమే బైబిల్లోని కీర్తనల గ్రంథం మాటతో: నా శరీరంలో ఆరోగ్యమన్నది లేదు, నా ఎముకలకు శాంతి లేదు. ఒక గొంతు మొదలుపెడుతుంది, ఆ మాటే పట్టుకుని ఇంకోటి వస్తుంది, దాని వెనక మరోటి. వయొలిన్లు రెండేసి స్వరాలుగా మూలుగుతుంటాయి. కాసేపు విన్నాక అర్థమైంది, వీళ్లెవరూ నన్ను ధైర్యంగా ఉండమనడం లేదు. నేను పైకి అనలేకపోతున్న మాటను గుంపుగా, గొంతెత్తి అంటున్నారు.

ఆ గొంతుల మీదుగా ట్రాంబోన్లు అనే ఇత్తడి బాకాలు వస్తాయి. వాటితోపాటు కార్నెట్ అనే పాతకాలపు ఊదే వాయిద్యం, రికార్డర్లనే చెక్క ఫ్లూట్లు. అవి ఒక పాత చర్చి పాట వరసను వాయిస్తాయి, మాటలు లేకుండా, తొందర లేకుండా, లైను లైనుకీ మధ్య ఆగి. 1723లో బల్లల మీద కూర్చున్నవాళ్లకు ఆ వరస నోటికొచ్చు. మాటలు వాళ్ల మనసులోనే ఉంటాయి కాబట్టి వాయిస్తే చాలు. నాకు ఆ పాట తెలీదు, ఆ మతమూ నాది కాదు. అయినా రెండోసారి ట్రాంబోన్లు వచ్చేసరికి ఏడుపు ఆగలేదు. ఏడుపుతో దగ్గు, దగ్గుతో ఏడుపు. నర్సు తలుపు అద్దంలోంచి చూసి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

తర్వాత ఒకే ఒక్క మగ గొంతు అంటుంది: లోకమంతా ఒక ఆసుపత్రే, లెక్కలేనంతమంది, ఉయ్యాల్లో పిల్లలు కూడా, జబ్బుపడి ఉన్నారు. రాసిన మాటలెవరివైనా, వాటికి వరస కట్టినాయన అప్పటికే మొదటి భార్యను, పసిపిల్లల్ని పోగొట్టుకుని ఉన్నాడు. మొత్తం ఇరవైమంది సంతానంలో పెద్దవాళ్లయింది పదిమందే.

ఒక్క అభ్యంతరం మాత్రం నాకు ఇప్పటికీ ఉంది. ఆ పాట జబ్బును పాపంతో ముడిపెడుతుంది. మా బంధువుల్లో ఒకావిడ "ఏ జన్మ పాపమో" అన్నదీ అదే. టీబీ క్రిమి వల్ల వస్తుంది, ఆ సంగతి శాస్త్రవేత్త రాబర్ట్ కాఖ్ 1882లో ఇదే దేశంలో, బెర్లిన్‌లో చెప్పాడు. ఆ ఒక్క మాట వచ్చినప్పుడు మనసులోనే కొట్టేసి మిగతాది వినేదాన్ని.

ఆ పాట అమ్మకు పంపితే, "ఏంటమ్మా ఈ ఏడుపు పాటలు, మంచివి వినొచ్చుగా" అంది. రామదాసు గోల్కొండ చెరసాలలో కూర్చుని రాముణ్ణి తిట్టిపోసినవి నువ్వు రోజూ పాడతావుగా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "ఆయన దెబ్బలు తిన్నాడమ్మా, తిట్టే హక్కుంది" అంది. తర్వాత తనే, "సరే, నువ్వు తిన్న మందులు మాత్రం తక్కువా" అంది.

క్రిములు కనపడటం మానేశాక ఇంటికి పంపారు. కీళ్ల నొప్పులు, ఆకలి లేకపోవడం ఇంకొన్నాళ్లు సాగాయి. ఓ శుక్రవారం సాయంత్రం థోమస్ చర్చికి వెళ్లాను. 1723 నుంచి 1750లో చనిపోయేదాకా బాఖ్ పని చేసింది ఇక్కడే. ఈ చర్చి బాలుర బృందం 1212 నుంచీ ఉంది, అంటే ఆయనకంటే ఐదు వందల ఏళ్లు పాతది. పాడేవాళ్లు పడమటి వైపు మేడ మీద నిలబడతారు. నేను కూర్చున్న బల్ల నుంచి వాళ్లు కనపడరు, గొంతులు వెనకనుంచి, పైనుంచి వస్తాయి. ముందువైపు నేలలో బాఖ్ సమాధి, 1950 నుంచీ అక్కడే ఉంది.

నా భయమల్లా దగ్గు వస్తుందేమోనని. ఇక ఎవరికీ అంటదని డాక్టర్ చెప్పారు, కాగితం కూడా బ్యాగులో ఉంది. కానీ అంత నిశ్శబ్దంలో దగ్గితే కాగితం ఎవరికి చూపిస్తాం? నోట్లో బిళ్ల వేసుకుని, గోడ పక్కన చివరి సీటు పట్టుకుని కూర్చున్నాను.

ఆ రోజు పాడింది బాఖ్‌దే, పదకొండు భాగాల మోటెట్, అంటే బృందం పాడే భక్తి సంగీతం, ఆయన జాబితాలో 227 నంబరుది. అందులోని భక్తిగీతం యోహాన్ ఫ్రాంక్ అనే కవిది. యూరప్‌లో ముప్పై ఏళ్ల యుద్ధం మొదలైన 1618లోనే పుట్టినవాడు, యుద్ధం మధ్యే పెరిగాడు. ఆ గీతంలో ఒకచోట చావు నోటినీ భయాన్నీ కలిపి ధిక్కరిస్తాడు. లోకమా, నీ ఇష్టమొచ్చినట్టు చిందులెయ్యి, నేనిక్కడే నిలబడి పాడతాను అంటాడు. ధిక్కారం అనే ఆ మాటను పిల్లలు అరుపులా కొట్టి ఆపారు, మళ్లీ కొట్టారు. వెన్ను జలదరించింది. ఇంకాస్త తర్వాత లోకానికి వీడ్కోలు చెప్పే భాగంలో బాస్, అంటే అన్నిటికన్నా కింది స్థాయి మగ గొంతులు, పూర్తిగా తప్పుకుంటాయి. కింద నేల తీసేసినట్టుంటుంది, పాట మాత్రం పడిపోదు. దగ్గు సంగతి నాకు గుర్తే లేదు.

అంతంత పొడుగు లైన్లు పిల్లలు ఊపిరి తీసుకోకుండా ఎలా పాడతారని తర్వాత నర్సును అడిగాను. "తీసుకుంటారు, అందరూ ఒకేసారి తీసుకోరు. నీకు చాలనప్పుడు నువ్వు ఆగుతావు, పక్కవాడు లాగుతాడు, మళ్లీ మెల్లగా కలుస్తావు" అంది. వాళ్ల బృందంలోకి రమ్మంది కూడా. నాకు వినడమే ఇష్టమన్నాను. చదువుకునేటప్పుడూ నిద్రపోయేటప్పుడూ పెట్టుకోమని యాప్‌లలో బరోక్, అంటే బాఖ్ కాలపు సంగీతం, ప్లేలిస్టులు అమ్మడం చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. 25ను వెనక మోగించుకుంటూ ఎవరు చదవగలరు?

కోర్సు అయిపోయింది. ఎక్స్‌రేలో కుడివైపు పైన ఒక మచ్చ మిగిలింది, అది అలాగే ఉంటుందట. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ 25లో మొదటి కోరస్, ఆ ఆసుపత్రి మాట అవగానే ఆపేసేదాన్ని. బాగుపడే భాగం వినబుద్ధయ్యేది కాదు, నమ్మకం లేదు. ఇప్పుడు ముందుకు పోతున్నాను. సొప్రానో, అంటే హెచ్చు స్థాయి గొంతు, పాడే పాట ఒకటుంది, నా పేద పాటలకు నీ చెవి తెరువు అని అడుగుతుంది, వయొలిన్లు వాయించినదాన్ని మూడు చెక్క ఫ్లూట్లు తిరిగి అంటుంటాయి. నాట్యంలా, తేలిగ్గా నడుస్తుంది. అది నాకింకా కొత్తగానే ఉంది.