అమ్మని కంపాలా పంపే ముందు: ఎల్లో ఫీవర్ టీకా, మలేరియా మాత్రలు

అక్కకి ఉగాండా రాజధాని కంపాలాలో డెలివరీ, అమ్మ వెళ్లాలి. వీసా, టికెట్ల గురించి సలహాలు చెప్పేవాళ్లు బోలెడుమంది గానీ ఎల్లో ఫీవర్ టీకా సంగతి మాత్రం బావ చెప్తేనే తెలిసింది. ఏడాది దాటిన ఎవరు వచ్చినా ఉగాండా వాళ్లు ఆ సర్టిఫికెట్ అడుగుతారు. తిరిగొచ్చేటప్పుడు మన శంషాబాద్‌లోనూ చూస్తారు, లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్. ఇంత గట్టిగా ఎందుకంటే మన దేశంలో ఈ జబ్బు లేదు కానీ దాన్ని మోసే దోమ ఉంది, డెంగ్యూ తెచ్చే ఈడిస్ దోమే, కూలర్లో నీళ్లు మార్చకపోతే పెరిగేది. ఒంట్లో వైరస్‌తో ఒక్క మనిషి దిగినా మన ఊళ్లో అంటుకునే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ రూల్ నాకైతే సబబే అనిపించింది.

నా భయం వేరే. అమ్మకి 63. ఇది బలం తగ్గించిన బతికున్న వైరస్‌తో చేసే టీకా, 60 దాటిన వాళ్లకి మొదటిసారి వేస్తే సీరియస్ రియాక్షన్ వచ్చే అవకాశం, అరుదే అయినా, చిన్నవాళ్లకంటే ఎక్కువ. అందుకే టీకాకి ముందు మా ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్లా. గుడ్డు పడుతుందా, ఛాతీలో ఉండే థైమస్ గ్రంథికి జబ్బు గానీ ఆపరేషన్ గానీ ఉందా, క్యాన్సర్ మందులు, స్టెరాయిడ్లు ఏమైనా వాడుతున్నారా అని ఒక్కోటీ అడిగారు. "గుడ్డు లేకపోతే నాకు ముద్ద దిగదు డాక్టరుగారూ" అంది అమ్మ. బీపీ, షుగర్ ఉన్నంత మాత్రాన టీకా ఆపక్కర్లేదట. చివరికి ఆయన అడిగింది ఒకటే, "వెళ్లడం తప్పదా అమ్మా?" అని. పెద్ద కూతురు, తొలి కాన్పు, ఎలా తప్పుతుంది? అక్కడ జబ్బు నిజంగానే ఉంది కాబట్టి వేయించుకోవడమే మంచిది అని లెటర్ రాసిచ్చారు.

హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఈ టీకా వేస్తారు. ఇది ఊళ్లో ప్రతి ఆస్పత్రిలో దొరకదు, గుర్తింపు ఉన్న సెంటర్లోనే వేయించుకోవాలి. సీసాలో చాలామందికి సరిపడా మందు ఉంటుంది, ఒకసారి కలిపితే కొన్ని గంటల్లో వాడేయాలి, అందుకే రోజూ ఎప్పుడు పడితే అప్పుడు వేయరు, ముందే కనుక్కుని వెళ్లండి. ఒరిజినల్ పాస్‌పోర్ట్, జిరాక్స్, వాడే మందుల చీటీ, డాక్టర్ లెటర్ పట్టుకెళ్లాం. మా ముందు టాంజానియాలో బోరు రిగ్గు మీద పనికి వెళ్లే కుర్రాడున్నాడు, వాడే అమ్మకి కుర్చీ చూపించాడు. అర మిల్లీలీటరు ఇంజెక్షన్, చీమ కుట్టినంత సేపే, తర్వాత అరగంట కూర్చున్నాం. ఆ తర్వాత ఒళ్లు నొప్పులు, కాస్త వేడి తప్ప ఏమీ కాలేదు.

సర్టిఫికెట్ కార్డు చేతికిచ్చాక అక్కడే చదువుకోండి. మనవాళ్లకి ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటుంది కదా, పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో కార్డులో అలాగే ఉండాలి. పాస్‌పోర్ట్ నంబరు, బ్యాచ్ నంబరు, సంతకం, సీలు అన్నీ చూసుకోండి. వేసిన 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది, ప్రయాణం డేటు దాన్నిబట్టి పెట్టుకోవాలి. ఇదివరకు పదేళ్లకోసారి వేయించుకోవాల్సి వచ్చేది, 2016 జులై నుంచి ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

మలేరియాకి మాత్రం టీకా కాదు, మాత్రలే. మలేరియా దోమల వల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, అయినా మనవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. ఉగాండాలో ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం అనే రకం మలేరియా, అది ప్రాణం మీదికి తెస్తుంది. అమ్మకి డాక్సీసైక్లిన్ రాశారు, బయల్దేరే ముందు రోజు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్లూ రోజూ వేసుకుని, తిరిగొచ్చాక కూడా 4 వారాలు వేసుకోవాలి. నిండు గ్లాసు నీళ్లతో మింగాలి, వేసుకోగానే పడుకోకూడదు, గొంతు దగ్గర ఇరుక్కుంటే పుండు పడుతుందట. ఏ మాత్ర ఎవరికి సరిపడుతుందో డాక్టరే చెప్పాలి, పక్కింటివాళ్లు వాడిందే మనమూ కొనుక్కోవడం కాదు.

ఇన్సులిన్ పెన్నులు హ్యాండ్ బ్యాగులోనే పెట్టాం, కార్గోలో గడ్డకడితే పనికిరావు. చీటీలో మందుల జెనరిక్ పేర్లు రాయించాం, మన బ్రాండ్లు అక్కడ దొరక్కపోవచ్చు కదా.

ఇంకో ముఖ్యమైన మాట. తిరిగొచ్చిన కొన్ని నెలల తర్వాత జ్వరం వచ్చినా, మాత్రలన్నీ వేసుకున్నా సరే, డాక్టరుకి మొట్టమొదట "ఆఫ్రికా వెళ్లొచ్చాను" అని చెప్పండి, అదే రోజు మలేరియా టెస్ట్ చేయించుకోండి.