త్రిభుజం దగ్గర బోల్తా పడ్డాను

నాలుగో తరగతికి కంప్యూటర్ పాఠాలు చెప్పే బాధ్యత నా నెత్తిన పడి ఏడాదయింది. నిన్న చివరి పాఠం అయిపోయింది. ఇంకా ఊపిరి కుదుటపడలేదు, అయినా రాసేస్తున్నాను.

మౌస్ పట్టడం, ఫైలు దాచడం, దాచిన చోటు మరిచిపోయి ఏడవడం... ఇవన్నీ రెండు వారాల్లో గట్టెక్కాయి. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదని పాఠం చెప్పిన మర్నాడే ఒకడు తన పాస్‌వర్డ్‌ను గర్వంగా తరగతంతా వినబడేలా చదివాడు. అదీ సర్దుకుంది.

అసలు పరీక్ష స్క్రాచ్‌లో బొమ్మలు గీయడంతో మొదలైంది. స్క్రాచ్ అంటే ఆదేశాలు రాసిన బ్లాకులను ఒకదాని కింద ఒకటి పేర్చి, తెర మీది పిల్లిబొమ్మను నడిపించి గీతలు గీయించే ప్రోగ్రామింగ్ భాష. చతురస్రం సాఫీగా వచ్చింది: 100 అడుగులు నడువు, 90 డిగ్రీలు తిరుగు, నాలుగుసార్లు చెయ్యి. ఇక త్రిభుజం. ఆ రోజు ప్రధానోపాధ్యాయులు గారు వెనక బెంచీలో కూర్చుని ఉన్నారు. పద్దెనిమిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను కదా, సమబాహు త్రిభుజంలో కోణం 60 డిగ్రీలని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బోర్డు మీద 60 అని దర్జాగా రాశాను. పిల్లలందరూ మూడుసార్లు, 60 డిగ్రీలు అని పెట్టి, ప్రోగ్రామ్ మొదలుపెట్టే పచ్చజెండా నొక్కారు.

పిల్లి మూడు గీతలు గీసి ఆగిపోయింది. బొమ్మ మూసుకోలేదు. నోరు తెరిచిన గిన్నెలా ఉంది. ప్రతి తెర మీదా అదే గిన్నె.

కంప్యూటర్ మీద నింద వేశాను. ఒకటి ఆపి మళ్లీ వెలిగించాను కూడా. మళ్లీ గిన్నే. వెనక బెంచీ నుంచి చిన్న దగ్గు వినిపించింది. నా చెవులు వేడెక్కాయి.

ఎక్కాలు సరిగ్గా అప్పజెప్పదని నేనే రోజూ కసిరే ఒక పాప లేచి, సుద్దముక్క అడిగి, నేల మీద త్రిభుజం గీసింది. చేతులు ముందుకు చాచి గీత వెంట నడిచి మూల దగ్గర ఆగింది. "టీచర్, నేనిప్పుడు ఇటు చూస్తున్నాను. అటు వెళ్లాలంటే ఇంత తిరగాలి" అంటూ దాదాపు వెనక్కి తిరిగింది. అరవై ఎక్కడ, అది ఎక్కడ! పిల్లి తిరిగేది లోపలి కోణం కాదు, బయటి కోణం. 180లోంచి 60 తీసేస్తే 120. చతురస్రంలో లోపలా బయటా 90 కావడంతో నా అజ్ఞానం అంతవరకు దాగింది.

ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, 1967లో లోగో అనే పిల్లల ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసిన వారిలో ఒకరైన సీమోర్ పాపర్ట్ చెప్పినదీ ఇదేనని. మా పిల్లిలాగే లోగోలో తెర మీద గీతలు గీసే తాబేలు ఎలా కదలాలో తెలియకపోతే మీరే తాబేలై నడిచి చూడండి అంటారాయన. మాకు ఇచ్చిన రెండు రోజుల శిక్షణలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. పూసల చట్రం నుంచి బాబేజ్ యంత్రం దాకా చరిత్ర రాయించారు, భోజనం పెట్టారు, సంతకం తీసుకున్నారు. ఒక్క గీత గీయించలేదు. అలాంటి శిక్షణకు పిలిస్తే వెళ్లండి, సంతకం పెట్టండి, చివరి వరుసలో కూర్చుని స్క్రాచ్ తెరిచి మీరే బొమ్మలు గీసుకోండి. గీతలు గీయించే పెన్ను బ్లాకులు మొదట కనిపించవు, కింద ఎడమ మూలనున్న గుర్తు నొక్కి తెచ్చుకోవాలి. నాకు అది వెతకడానికే ఒక పీరియడ్ పోయింది.

ఇంకొకటి. పిల్లల చేతిలోని మౌస్ లాక్కోకండి. నేను చేతులు వెనక్కి కట్టుకుని తిరగడం అలవాటు చేసుకున్నాను. ఇద్దరికో కంప్యూటర్ ఇచ్చి, ఒకరు చెబితే ఒకరు చేసేలా పెట్టి, ఐదు నిమిషాలకోసారి మార్చాను. గొడవలు సగం తగ్గాయి.

గొప్పలకు పోతున్నానని అనుకున్నా సరే, ఐదు మూలల నక్షత్రానికి తిరగాల్సింది 144 అని మాత్రం పిల్లలకంటే ముందు నేనే కనిపెట్టాను. పిల్లి రెండు చుట్లు తిరుగుతుంది, 720ని ఐదుతో భాగించాలి. నిన్న ఆ పాప ఏడు మూలల నక్షత్రం కావాలంది. 720 ఏడుతో తెగదు, దశాంశాలు వీళ్లకింకా రాలేదు అని నేను గొణుగుతూ ఉండగానే, పక్కనున్నవాడు భాగహారం బ్లాకు లాక్కొచ్చి 720, 7 అని అందులోనే పెట్టేశాడు. నక్షత్రం వచ్చేసింది.