కంటి కోర్సులో చేరేముందు ల్యాబ్ తలుపు తీయించండి

బైపీసీ అయింది, నీట్ రాలేదు, ఇక కంటి కోర్సే అని కావలి నుంచి ఒంగోలు దాకా చాలామంది అనుకుంటారు. ఆ పేరు మీద నడిచేవి ఒకటి కాదు. పారామెడికల్ బోర్డు కింద ఆప్తాల్మిక్ అసిస్టెంట్ డిప్లొమా రెండేళ్లు. చూపు పరీక్షించి అద్దాలు రాయడం నేర్పే ఆప్టోమెట్రీ డిగ్రీ అంతకంటే ఎక్కువ ఏళ్లు, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ల విజన్ టెక్నీషియన్ శిక్షణ ఏడాదే. సుమారు 50 వేల జనాభాకు ఒకటి చొప్పున పెట్టే విజన్ సెంటర్ల (ఊళ్లలో చూపు పరీక్ష చేసే చిన్న కేంద్రాల) కోసం దాన్ని తయారు చేశారు.

కాలేజీ పేరు బోర్డు జాబితాలో ఉందో లేదో చూసుకున్నాక, ఫీజు, బస్సు సంగతులు మాట్లాడకముందే ల్యాబ్ చూపించమనండి. స్ట్రీక్ రెటినోస్కోపులు, అంటే కంట్లోకి వెలుగు గీత వేసి అద్దాల నంబరు తేల్చే చేతి పరికరాలు, ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ముప్పైమందికి ఒక్కటే ఉంటే మీవాడి చేతికి అది వచ్చేసరికి పరీక్షలు వస్తాయి.

ఎందుకింత పట్టుదలంటే, ఆ పని చేతికి ఎక్కాల్సిందే గానీ చదివితే రాదు. చీకటి గదిలో పేషెంటు 6 మీటర్ల దూరంలోని పెద్ద అక్షరాన్ని చూస్తుండాలి. మనం 66 సెంటీమీటర్ల దూరంలో కూర్చుని వెలుగు గీతను అటూ ఇటూ ఊపుతాం. కంటిపాపలో మెరుపు గీతతోపాటే కదిలితే కంటి ముందు ప్లస్ లెన్సు పెట్టాలి, ఎదురు కదిలితే మైనస్. కదలిక ఆగి పాపంతా ఒక్కసారి వెలిగిందా, అక్కడ ఆగాలి. వచ్చిన నంబరులోంచి, మనం కూర్చున్న 66 సెంటీమీటర్ల దూరానికి, 1.50 తీసేయాలి. కొత్తవాళ్లు చేసే తప్పు తెలియకుండా ముందుకు వంగడం. 50 సెంటీమీటర్లకు జరిగితే తీయాల్సింది 2.00. అలవాటుగా 1.50 తీస్తే అర నంబరు ప్లస్ ఎక్కువ రాసినట్టే. రెటినోస్కోపుకి 66 సెంటీమీటర్ల దారం కట్టి నేర్పే చోటు దొరికితే వదులుకోకండి. పిల్లలతో ఇంకో తంటా: వాళ్లు అక్షరాన్ని వదిలేసి లైటు వంక చూస్తారు. కన్ను దగ్గర చూపుకి బిగుసుకుని లేని మైనస్ చూపిస్తుంది. అందుకే డాక్టరు చెప్పిన చుక్కలు వేశాక మళ్లీ చూస్తారు.

రెండోది ఏ-స్కాన్: శుక్లం ఆపరేషన్‌లో కంట్లో పెట్టే లెన్సు పవరు లెక్కకట్టడానికి శబ్దతరంగాలతో కంటి పొడవు కొలవడం. శుక్లం బాగా ముదిరాక వచ్చే పెద్దవాళ్లకి లైటుతో కొలిచే మిషన్లు చాలాసార్లు పనిచేయవు, అప్పుడు ప్రోబ్ కంటికి ఆనించి కొలుస్తారు. చేయి కాస్త బరువుగా నొక్కిందా, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) లోపలికి పోయి కన్ను పొట్టిగా కనబడుతుంది. మిల్లీమీటరు తప్పుకి లెన్సు పవర్‌లో రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల తేడా. కన్ను పొట్టిగా కొలిస్తే పవరు ఎక్కువైన లెన్సు పడుతుంది, ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగినా పేషెంటుకి మైనస్ మిగులుతుంది. రెండు కళ్ల కొలతల మధ్య 0.3 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ తేడా వస్తే కాయితం మీద రాయకుండా మళ్లీ కొలవాలి.

అద్దాల ఫిట్టింగ్‌ని చాలా చోట్ల ఒక్క పూటలో తేల్చేస్తారు. నాకైతే ఇది అన్యాయం అనిపిస్తుంది, షాపులో ఉద్యోగం దొరికేది దానితోనే. కాడ లోపల 54□18 అని ఉందనుకోండి: అద్దం వెడల్పు 54, ముక్కు మీది ఖాళీ 18 మిల్లీమీటర్లు, రెండూ కూడితే 72. పేషెంటు పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, 62 అయితే ఒక్కో లెన్సు సెంటర్‌ని 5 మిల్లీమీటర్లు ముక్కు వైపు జరపాలి. మర్చిపోతే మైనస్ 4 లెన్సులో ఒక్కో కంటికి 2 ప్రిజం (చూపును పక్కకు లాగే ప్రభావం), రెండు కళ్లకు కలిపి 4. నంబరు కరెక్టుగానే ఉంటుంది, మనిషికి మాత్రం తలనొప్పి. అద్దం నంబరు కొలిచే లెన్సోమీటర్‌లో చూసినా నంబరు సరిపోతుంది కాబట్టి, షాపువాడు ‘నాలుగు రోజులు పెట్టుకో అన్నా, అలవాటవుద్ది’ అని పంపేస్తాడు. సెంటర్లకు చుక్క పెట్టి స్కేలుతో కొలిస్తే అర నిమిషంలో తేలిపోయే తప్పు అది.

పోస్టింగులు, అంటే ఆసుపత్రిలో చేసే ప్రాక్టికల్ శిక్షణ, ఏ ఆసుపత్రిలోనో, వారానికి ఎన్ని రోజులో అడగండి. చీమకుర్తి వైపు గ్రానైట్ రజను కంట్లో పడి వచ్చేవాళ్లుంటారు. పై రెప్ప తిప్పి చూడటం, గీతలు కనబడేలా రంగు పట్టించే ఫ్లోరెసీన్ స్ట్రిప్ వేయడం, నల్లగుడ్డులో దిగిన ముక్కని ముట్టుకోకుండా డాక్టరుకి పంపడం ఓపీలో నిలబడితేనే వస్తాయి. ఇవన్నీ మేనేజ్‌మెంట్‌ని కాదు, సెకండియర్ పిల్లల్ని అడగండి. చేసిన కేసులు రాసుకుని సంతకం చేయించుకునే లాగ్‌బుక్ చూపించమనండి: సంతకాలన్నీ ఒకే రోజు, ఒకే పెన్నుతో పెట్టినట్టుంటే ఇంకో కాలేజీ చూసుకోండి.